మూతాయన

మా బాబాయ్‌ని పనిచేసే చోట అందరూ మూతాయన అనేవాళ్ళు. ఆయనేమో విని నవ్వేసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాది ముక్కు మీద కోపం, అందుకే బాబాయ్ నన్ను మిరపకాయ్ అని పిలిచేవాడు. ఒకసారి క్యాంటీన్‌లో ఫిట్టర్ ఒకడు, “మీ మూతాయన ఇవాళ కూడా మూత పెట్టందే కదలనంటున్నాడు, మా ప్రాణాలు తోడేస్తున్నాడు” అన్నాడు. “ఆ మూతేదో ముందు నీ నోటికి పెట్టమని చెప్తాలే” అన్నాను. ఆ తర్వాత వాడు నేనున్న చోట ఆ పేరెత్తలేదు.

మాది విండ్ టన్నెల్. పెద్ద షెడ్డు, దాని నిండా వంపులు తిరిగిన ఇనుప గొట్టం, లోపల మనిషి తల వంచకుండా నడిచేంత ఎత్తు. ఒక మూల ఫ్యాను గాలిని తోస్తే ఆ గాలి గొట్టమంతా చుట్టి మళ్ళీ ఫ్యాను దగ్గరికే వస్తుంది. దారిలో గాజు కిటికీలున్న చిన్న గది. ఆ గదిలో విమానం మోడల్ బిగిస్తారు. విమానం గాలిలోకి వెళ్ళే బదులు గాలే విమానం దగ్గరికి వస్తుందన్నమాట. నేను పక్క షెడ్డులో మోడళ్ళు చెక్కేదాన్ని. చెక్కపొడి, ఉప్పుకాగితం, లప్పం, ఇదీ నా బతుకు. ఆ పనిలో నన్ను పెట్టించింది బాబాయే.

బాబాయ్ పని గిరగిరా తిరిగే మోడళ్ళతో. విమానం ఒక్కోసారి పట్టు తప్పి, ముందుకు పోవడం మానేసి, తన చుట్టూ తాను తిరుగుతూ కిందికి జారిపోతుంది. దాన్నే స్పిన్ అంటారు. ముక్కు కిందికి వాలి ఉంటే పైలట్ ఎలాగో బయటికి లాగుతాడు. ముక్కు పైకి లేచి, పళ్ళెంలాగా బల్లపరుపుగా పడుకుని తిరగడం మొదలుపెట్టిందంటే మాత్రం కష్టం. ఏ విమానం ఎలా తిరుగుతుంది, గాలి ఆ తిరుగుడుకి అడ్డం పడుతుందా లేక ఇంకాస్త ఎగదోస్తుందా అన్నది ముందే తెలియాలి. అందుకని మోడల్‌ని ఒక వంకర చెయ్యి చివర బిగించి, మోటారుతో తిప్పుతూ, ఎదురుగా గాలి వదులుతారు. మోడల్ పొట్టలో బొటనవేలంత త్రాసు ఉంటుంది. గాలి ఎటు తోసినా, ఎటు మెలిపెట్టినా దానికి తెలిసిపోతుంది.

చిక్కేమిటంటే, ఆ త్రాసుకి గాలికీ బరువుకీ తేడా తెలియదు. తిరిగే వస్తువు తన బరువుతో తానే బయటికి లాగుతుంది. త్రాసు ఆ లాగుడునీ గాలి తోపునీ కలిపేసి ఒకే అంకె చెప్తుంది. రెంటినీ విడదీయాలంటే ముందు గాలి తగలకుండా తిప్పి, బరువు వాటా ఎంతో చూసుకోవాలి. ఫ్యాను ఆపేస్తే సరిపోతుంది కదా అంటారు తెలియనివాళ్ళు. సరిపోదు. నిలబడిపోయిన గాలి కూడా గాలే, తిరిగే రెక్కకి అదీ అడ్డం పడుతుంది. అందుకని మోడల్ చుట్టూ డ్రమ్ములాంటి మూత బిగిస్తారు. మోడల్‌తో పాటు మూతా తిరుగుతుంది, మూతలోని గాలీ తిరుగుతుంది. అప్పుడు మోడల్‌కి ఏ గాలీ తగలదు. ఆ అంకెని, మూత తీసి ఫ్యాను వేసి తిప్పే గాలి పరుగులో వచ్చిన అంకె నుంచి తీసేస్తే, మిగిలింది అచ్చంగా గాలిది.

ఆ మూత బిగించడం పూట పని. కాస్త వంకరగా కూర్చుందంటే ఎక్కడో ఒరుసుకుంటుంది, విప్పి మళ్ళీ మొదటి నుంచి. ఎంత తొందరగా ఉన్నా, ఎవరెంత విసుక్కున్నా బాబాయ్ మూత పెట్టందే మోటారు ముట్టనిచ్చేవాడు కాదు. పెట్టాక దాన్ని నెమ్మదిగా చేత్తో తిప్పుతూ చెవి ఆనించి వినేవాడు.

“అంతసేపు ఏం వింటావు బాబాయ్, లోపల ఏముందని?” అని అడిగాను ఒకసారి.

“ఏమీ ఉండకూడదే. ఉందేమోనని వింటున్నా” అన్నాడు.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న విమానం నడపడం నేర్పేవాడు. చిన్న శిక్షణ విమానం, ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు. ముందు సీట్లో శిష్యుడు, వెనక సీట్లో నాన్న. నేను బడికి వెళ్ళే రోజుల్లో, ఏదో మరమ్మతు అయిన విమానాన్ని సరిచూడడానికి నాన్న ఒక్కడే పైకి తీసుకెళ్ళాడు. అలవాటు కొద్దీ తన వెనక సీట్లోనే కూర్చున్నాడు. కూర్చోవద్దని ఎక్కడా రాసి లేదు. పైన అది స్పిన్‌లో పడింది, బల్లపరుపుగా పడుకుంది. నాన్న దూకాడు. పారాచూట్ సగం విచ్చుకునేసరికి నేల వచ్చేసింది.

ఇంతవరకూ అయితే మేం ఏడ్చి ఊరుకునేవాళ్ళం. కానీ నాన్న దిగిపోయాక ఆ విమానం ముక్కు దించి, తిరగడం ఆపి, ఎవరో నడుపుతున్నట్టే తిన్నగా జారుకుంటూ వెళ్ళి, దున్నిన చేలో పొట్ట మీద వాలింది. చేలో కలుపు తీస్తున్న ఒకామె పరుగెత్తుకుంటూ వెళ్ళి చూసిందట. ఇంజను ఇంకా ఆడుతోంది, పైకప్పు తెరిచి ఉంది, వెనక సీట్లో బెల్టు ఊగుతోంది, మనిషి లేడు. ఆమె విమానం చుట్టూ తిరుగుతూ “ఎక్కడున్నావు నాయనా, ఎక్కడున్నావు” అని పిలుస్తూనే ఉందట, మనుషులు వచ్చేదాకా. ఆ మాట ఎవరు మోసుకొచ్చారో మా ఇంటికి మోసుకొచ్చారు. అప్పటి నుంచి నాకు కలలో నాన్న కనిపించడం మానేశాడు, ఆమె పిలుపే వినిపించేది.

లోకం ఊరుకుంటుందా? “కదలకుండా కూర్చుని ఉంటే బంగారంలా బతికేవాడు, భయపడి దూకేశాడు పాపం” అన్నారు. ఆ పాపం అనే మాటకే నాకు కంపరం పుట్టేది. బళ్ళో నన్ను దూకినాయన కూతురు అనేవాళ్ళు. అలా అన్న ఒకడి చెవి పట్టుకుని వదల్లేదు నేను, టీచరొచ్చి విడిపించాల్సి వచ్చింది. విచారణ చేసినవాళ్ళు మాత్రం వేరే మాట చెప్పారు. పైలట్ల పుస్తకంలో, ఆ విమానం బల్లపరుపుగా పడుకుని తిరిగితే ఆలోచించకుండా వెంటనే దిగిపొమ్మని ఉంది. ఆయన చేసింది సరైనదే, కాకపోతే ఆలస్యంగా దూకాడు అన్నారు. ఊరంతా దూకాడన్న మాటే పట్టుకుంది. అమ్మ మాత్రం ఆలస్యం అన్న మాట పట్టుకుంది.

“ఆయన దేనికీ ఆలస్యం చేసే మనిషి కాదే. వెంటనే దిగమని ఉంటే ఎందుకాగారు?” అనేది. ఎవరితోనూ కాదు, చేస్తున్న పనితోనే అన్నట్టు అనేది. బాబాయ్ ఉంటే కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు.

ఆ విమానాన్ని పారేయలేదు. పొట్టకి అతుకులేసి, మళ్ళీ ఎగరేశారు. చాలా ఏళ్ళు మా ఇంటి మీదుగానే తిరిగింది. పైన చప్పుడు కాగానే అమ్మ కిటికీ వేసేసేది. “అది కాదమ్మా, ఇంకొకటి. అన్నీ ఒకేలా మోగుతాయి” అని నేను గొంతు చించుకునేదాన్ని. “నీకు తెలియదు, ఊరుకో” అనేది. ఆమె చెప్పింది ఎన్నిసార్లు నిజమో నాకు తెలియదు. ఒకసారి మాత్రం డాబా ఎక్కి చూశాను. అతుకులేసిన పొట్ట స్పష్టంగా కనిపించింది. దిగొచ్చి అమ్మతో అది కాదని చెప్పాను.

బాబాయ్ మాతోనే ఉండిపోయాడు, పెళ్ళి మాటెత్తితే నవ్వేవాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆయనే, నేను ఎవరినైనా కొట్టొస్తే వాళ్ళింటికెళ్ళి సర్దిచెప్పింది ఆయనే. ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనేది కాదు, ఏ కుళాయీ కారేది కాదు. ఒక్క విషయంలోనే ఆయన మొండి. మా ముందు గదిలో సీలింగ్ ఫ్యాను ఉండేది. నాన్న పోయిన కొత్తలోనే బాబాయ్ దాన్ని విప్పి, దుప్పటిలో చుట్టి అటక మీద పడేశాడు. కొక్కెం మాత్రం మిగిలింది. ఎంత ఉక్కపోసినా గుడ్డి టేబుల్ ఫ్యానే మాకు గతి. “అందరూ ఫ్యాను కింద పడుకుంటారు, మనం కొక్కెం కింద పడుకుంటాం” అని సణిగేదాన్ని. కానీ గట్టిగా అడగలేదు. నెత్తి మీద ఏదైనా తిరుగుతుంటే ఆయన చూడలేడు కాబోలు అనుకున్నాను. పగలంతా తిప్పేది చాలదూ?

తర్వాత ఎప్పుడో, నాకూ మోడల్ షాపులో చెయ్యి తిరిగాక, ఒక పని వచ్చింది. ఆ పాత శిక్షణ విమానానికి కొత్త తోక పెడతారట. కొత్తదాన్ని కొలిచే ముందు పాతదాన్ని కూడా మరోసారి తిప్పి కొలవమన్నారు. నడిపించేది కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ. మెత్తని మనిషి, తెలియంది తెలియదనే మనిషి. మోడల్ చెక్కేది నేను.

రెక్కలు, పొట్ట, తోక అన్నీ చెక్కాను. చేతులకి పని తెలుసు, బుర్రతో పనిలేదు. చివరికి తలలు మిగిలాయి. మేం ప్రతి మోడల్‌లోనూ సీట్లలో పైలట్ల తలలు పెడతాం, పైకప్పు కింద చిక్కుడు గింజంతవి. ముందు సీటు తల గంటలో అయిపోయింది. వెనక సీటు తల చెక్కడానికి చెయ్యి రాలేదు. చెక్కి, పారేసి, మళ్ళీ చెక్కి, చివరికి ఎవరి పోలికా లేని తల ఒకటి పెట్టి తీసుకెళ్ళాను. బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

“అన్నయ్యకి ఇంత జుట్టు ఉండేది కాదే” అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన మూత ముందు పెట్టుకుని కూర్చుని, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

“మిరపకాయ్, నీకో సంగతి చెప్పాలి. అంకెలొచ్చాక ఎలాగూ బయటపడుతుంది, ముందు నా నోట వినాలి నువ్వు. మొదటిసారి ఈ విమానాన్ని తిప్పింది నేనే. అప్పుడు మూత పెట్టలేదు.”

“పెట్టకపోతే?”

“ఆ రోజు మూత ఒరుసుకుంటూనే ఉంది. ఆఫీసరు, ఫ్యాను ఆపేశాంగా, ఇంక మూతెందుకయ్యా, కానిచ్చెయ్ అన్నాడు. కుర్రతనం, నాకూ ఇంటికి పోవాలని ఉంది. కానిచ్చేశాను. నిలబడ్డ గాలి అడ్డాన్ని కూడా బరువు లెక్కలో కలిపి తీసేశాం. దాంతో గాలి అడ్డం పడుతున్నది తక్కువగా కనిపించింది. స్పిన్ లోంచి తేరుకుని లేచే విమానాన్ని లేవదని రాశాం. దాన్ని చూసే పుస్తకంలో దిగిపొమ్మని రాశారు.” ఆయన మూత అంచుని వేలితో తడిమాడు. “భద్రం వైపు తప్పు కదా, దాని వల్ల ఎవరికి నష్టంలే అనుకున్నాను. అన్నయ్య దూకాడు. అది లేచింది.”

నా నోరు ఆగలేదు. “అంటే మా నాన్నని నువ్వు దూకించావు. కూర్చుంటే లేచే విమానం లోంచి దూకించావు. దూకించి, మా ఇంట్లోనే కూర్చుని, మా అమ్మ వండింది తింటూ, నాకు సైకిల్ నేర్పావు!” అన్నాను. షెడ్డులో అందరూ తలలు తిప్పి చూశారు. నేను మోడల్ షాపుకి వెళ్ళి, ఇంకెవరి రెక్కనో పట్టుకుని, కాగితంలా పల్చబడేదాకా ఉప్పుకాగితంతో రుద్ది పాడుచేశాను.

కానీ అక్కడా ఉండలేకపోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన మూత బిగిస్తూనే ఉన్నాడు. నేను అవతలి వైపు పట్టుకున్నాను. అంకె ఏం చెప్తుందో నాకు తెలియాలి. నాన్న సీట్లోనే ఉండి ఉంటే అది లేచేదా లేదా? లేచేదని వస్తే ఈ మనిషితో ఒక ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు.

ముందు మూత పరుగు. తర్వాత మూత తీసి గాలి పరుగు. ఫ్యాను ఊపందుకుంటే షెడ్డు రేకులన్నీ గుయ్యిమనేవి. గాజు కిటికీ లోంచి చూస్తే మోడల్ చక్కగా, తాపీగా, ఏ తొందరా లేనట్టు తిరుగుతుండేది. వెనక సీట్లోని తల ప్రతి చుట్టులోనూ ఒకసారి నా వైపుకి వచ్చేది. దానికి కళ్ళు చెక్కలేదు నేను. అయినా చూసినట్టే ఉండేది, చూసి ఏదో అడగబోయి వెళ్ళిపోయినట్టే ఉండేది. నేను కిటికీ దగ్గర నుంచి కదిలితే మెడ మీద ఆ చూపు తగిలేది. బాబాయ్ మాత్రం మోడల్ వైపు చూడలేదు, అంకెల వైపే చూశాడు.

అంకెలన్నీ వచ్చాక ఇంజనీరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. గాలి సంగతి త్రాసు చెప్పింది, ఎవరెక్కడ కూర్చున్నారన్న బరువు సంగతి ఆవిడ కలపాలి. ముందు రెండు సీట్లూ నింపి చూసింది.

“బయటికొస్తుందండీ. నెమ్మదిగా, కానీ వస్తుంది. పాత లెక్కలో రాదని ఉందే, ఎలా రాశారో!” అంది.

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. నాకు ఆ క్షణాన ఆయన్ని చూడాలంటేనే అసహ్యం వేసింది. ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

ఆవిడ ఖాళీ సీట్లతోనూ చూసింది. అప్పుడూ వస్తుంది, ఇంకా తొందరగా. దున్నిన చేలో వాలింది అలాగే కదా. నేను వెళ్ళిపోదామని లేచి, మళ్ళీ ఆగాను. “మేడమ్, ఒక్కరే ఉంటే? వెనక సీట్లో?” అని అడిగాను.

“ఒక్కరే వెనకా? అలా ఎవరూ అడగలేదే” అంటూనే బరువు మార్చింది. తెర మీద గీత పైకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. ఆవిడ ముందుకు వంగింది. చుక్కాని ఇటు పెట్టి చూసింది, అటు పెట్టి చూసింది, అన్నీ వదిలేసి చూసింది.

“ఉహు, రాదు. బరువంతా వెనకే ఉంది కదా, ముక్కు కిందికి వాలదు. ఏం చేసినా రాదు. ఆ మనిషి దిగిపోతేనే వాలుతుంది.”

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెళ్ళి బాబాయ్ భుజాలు పట్టుకుని ఊపేశాను. “విన్నావా? కూర్చుని ఉన్నా లేచేది కాదు! నాన్న దిగాడు కాబట్టే అది లేచింది. నువ్వు మూత పెట్టినా పెట్టకపోయినా దూకాల్సిందే. నీ తప్పేమీ లేదు బాబాయ్!”

ఆయన నన్ను చూడలేదు. ఇంజనీరమ్మనే అడిగాడు. “కాస్త ఓపిక పడితే? ఇంకాసేపు ఆగితే?”

“ఆగే కొద్దీ ఇంకా గట్టిగా పడుకుంటుందండీ. మొదట్లోనే దిగిపోవాలి.”

బాబాయ్ మూత పెట్టె మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళ బరువు దిగింది కదా, అందుకే కూర్చున్నాడు అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని.

ఇంటికి వస్తూనే అమ్మకి చెప్పేశాను. మూత సంగతి, అంకెల సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో. అమ్మ ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే విన్నది. బాబాయ్ గుమ్మం పక్కన చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాడు.

“అయితే పుస్తకంలో రాసిందే సరైనదన్నమాట” అంది అమ్మ.

“అవును! అనుకోకుండా సరైనదైంది.”

“వెంటనే దూకి ఉంటే బతికేవారు.”

నా ఉత్సాహం కొంచెం తగ్గింది. “అవును.”

“మరి ఎందుకాగారు?”

మళ్ళీ మొదటికొచ్చింది! ఇంత చెప్పాక కూడా ఇదేనా అని నేను నోరు తెరవబోయాను. బాబాయ్ ఈసారి చేయి కడుక్కోవడానికి వెళ్ళలేదు. తలెత్తి కొక్కెం వైపు చూశాడు.

“నేను ఆగమన్నాను వదినా” అన్నాడు.

అమ్మ చేతిలో నాన్న పాత తువ్వాలు, మేం ఇంకా వాడుతున్నది. అది అలాగే ఉండిపోయింది.

“ఇక్కడ ఫ్యాను బిగించిన రోజు. అన్నయ్య స్టూలెక్కాడు, నేను స్క్రూలు అందిస్తున్నాను. ఆ విమానం పుస్తకం చూస్తే భయమేస్తోందిరా, పడుకుంటే దూకెయ్యడమే అంటున్నారు అన్నాడు. నా కడుపులో దాగలేదు. మూత పెట్టలేదని చెప్పేశాను. ఆ అంకె తప్పు అన్నయ్యా, అది లేస్తుంది, కంగారుపడి దూకకు, కాస్త ఓపిక పట్టు అన్నాను. ఓరి నీ, ఇన్నాళ్ళూ దాచావట్రా అని నవ్వి, ఇంకో స్క్రూ ఇటివ్వు అన్నాడు.”

బయట ఎవరి సైకిల్ గంటో మోగింది.

“నేను చెప్పింది ఇద్దరుంటే నిజమే. ఒక్కడే వెనక కూర్చుంటాడని నాకు తట్టలేదు. వదినా, ఇన్నేళ్ళూ నేను ఇంకోలా అనుకున్నాను. నేను అంత చెప్పినా చివరికి నా మాట నమ్మలేదు, పుస్తకాన్నే నమ్మి దూకేశాడు అనుకున్నాను. అందుకు కోపం కూడా వచ్చేది అన్నయ్య మీద.” ఆయన ఇంకా కొక్కెం వైపే చూస్తున్నాడు. “నమ్మాడు. నమ్మే ఆగాడు. నేల దగ్గరపడేదాకా నా మాట నమ్ముకునే కూర్చున్నాడు.”

అమ్మ తువ్వాలు మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది. “నమ్మారు” అంది, అంతే. వంటింట్లోకి వెళ్ళి మాకు వడ్డించింది. ముగ్గురికీ వడ్డించింది. ఎవరం తిన్నామో ఎవరం తినలేదో నాకు గుర్తులేదు. మధ్యాహ్నం ఆయన తప్పు లేదని గంతులేసిన నేను, ఆ పూట ఆయన కంచం వైపు చూడలేకపోయాను. ఏదో ఒకటి అనాలనుకున్నాను, తిట్టాలనో ఓదార్చాలనో. మిరపకాయని, నోరున్నదాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు.

బాబాయ్ వేరే గది చూసుకుని వెళ్ళిపోతానన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. ఇల్లంతా కొన్నాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంది. ఒక సెలవు రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి అమ్మ ఒళ్ళంతా బూజుతో అటక దిగుతోంది. చేతిలో దుప్పటి మూట. మూట బాబాయ్ ముందు పెట్టింది.

“బిగించవయ్యా” అంది.

ఆయన మూటని చూశాడు, అమ్మని చూశాడు. స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. నేను స్టూలు పట్టుకుని స్క్రూలు అందించాను. ఒక్కొక్కటీ తీసుకోవడానికి ఆయన చెయ్యి కిందికి వచ్చినప్పుడల్లా కాస్త ఆగేది. పైకెళ్ళాక ఆగేది కాదు, పని తెలిసిన చెయ్యి కదా. బిగించడం అయ్యాక అమ్మ వెళ్ళి స్విచ్ వేసింది. రెక్కలు దుమ్ము రాల్చుకుంటూ కదిలాయి.

అది క్షమించడమా, శిక్ష వేయడమా అని తర్వాత ఒకసారి అమ్మని నిలదీశాను. “ఉక్కగా ఉంది, అందుకే” అంది.

ఆ విమానం పుస్తకంలో ఇప్పుడు కొత్త వాక్యం ఉంది, ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ముందు సీట్లోనే కూర్చోవాలని. ఇంజనీరమ్మ పట్టుబట్టి రాయించింది. బాబాయ్ ఉద్యోగం అయ్యేదాకా మూతలు బిగిస్తూనే ఉన్నాడు, చెవి ఆనించి వింటూనే ఉన్నాడు. మూతాయన అని ఎవరైనా అంటే ఆ తర్వాత నేను పోట్లాడేదాన్ని కాదు. బాబాయ్ పోయేదాకా మా ఇంట్లోనే, ఆ ఫ్యాను కిందే తిన్నాడు.

ఒక్కటే అలవాటు మిగిలింది ఆయనకి. భోజనాల వేళ అమ్మ స్విచ్ వేయగానే రెక్కలు నెమ్మదిగా తిరగడం మొదలుపెడతాయి కదా, అవి వేగం అందుకునేదాకా ఆయన కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు. తల పైకెత్తి, పెదాలు కదిలీ కదలకుండా ఏదో అనేవాడు. నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు పక్కనే కూర్చుని విన్నాను.

“దూకెయ్ అన్నయ్యా” అంటున్నాడు. “ఆగకు. దూకెయ్.”

అమ్మకీ వినిపించేది. గిన్నె పట్టుకుని, ఆయన అనడం అయ్యేదాకా నిలబడేది. అయ్యాక, “తినవయ్యా, చల్లారిపోతోంది” అని వడ్డించేది.